రెండోసారి అడిగే మనిషి

మొన్న నా షెడ్డుకు రిపేరుకు వచ్చిన ఒక పాత కారులో ముందు సీటు కింద చాప ఎత్తగానే పచ్చి వేరుశనగ వాసన ముక్కుకు కొట్టింది. పొట్టు, ఎలుక పెంటికలు, కాస్త తడి మన్ను, అన్నీ కలిసిన వాసన. ఓనరు పక్కనే నిలబడి గేరు పెట్టె గురించి ఏదో చెబుతున్నాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. చాప పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు కళ్యాణదుర్గంలో, రాయదుర్గం రోడ్డు పక్క రేకుల కొట్టంలో, రాగి తీగ చుడుతూ పైకి లెక్కపెట్టుకునే వన్నూరప్ప గొంతు వినబడుతుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కళ్యాణదుర్గంలో ఒక చిన్న కంటి ఆసుపత్రికి డ్రైవరుని. ఎవరో దాత ఇచ్చిన విదేశీ వ్యాను మాది. క్లచ్ ఉండదు, గేర్లు అవే పడతాయి. చుట్టుపక్కల మండలాల్లో అలాంటి బండి ఇంకొకటి లేదని నాకు మహా గొప్ప. గుమ్మఘట్ట, బెళుగుప్ప వైపు పల్లెలు తిరిగి కళ్లకు పొరలొచ్చిన ముసలివాళ్లను ఆపరేషనుకు తీసుకురావడం నా పని. ఉన్నట్టుండి ఆ బండికి రోగం పట్టుకుంది. పోతూ పోతూ స్టీరింగు ముందు హెచ్చరిక దీపం ఒకటి మిణుకుమనేది, గేరు మూడో దానిలో బిగుసుకునేది, ఎత్తు వస్తే ఈడ్వలేక ఆగిపోయేది. కాసేపు ఆపి తీస్తే ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది. ఒకరోజు పదిమంది ముసలివాళ్లు నడినెత్తి ఎండలో మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నారు. బెంగుళూరులో చూపిస్తే గేరు పెట్టె మొత్తం మార్చాలి, ఆ సామాను ఇప్పుడు దొరకదు అన్నారు. మా డాక్టరు లలితమ్మ వారం గడువు పెట్టారు. అప్పటికీ బాగుపడకపోతే బండి పాత ఇనుముకు, నేను ఇంటికి. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, మూడేళ్లుగా విత్తనం కూడా తిరిగి రాని చేను. దిక్కు తోచక బండిని వన్నూరప్ప కొట్టానికి తోలుకుపోయాను.

ఆయన నిజానికి బండ్ల మెకానిక్కు కాడు. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టేవాడు. మా కరువు సీమలో ఆ పనికి మాత్రం కరువు లేదు. నీళ్లు అడుగంటిన బోర్లలో మోటార్లు ఊరికే కాలిపోయేవి. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మోటారు తెచ్చిన రైతును కూర్చోబెట్టి, చివరిసారి ఎప్పుడు బాగా ఆడింది, తర్వాత ఏమైంది అని అడిగేవాడు. ఆపైన, “నువ్వేం చేస్తివి?” అనేవాడు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం కాసేపాగి మళ్లీ అడిగేవాడు. మొదటిసారి “నేనేం చేయల్యా” అన్నవాడే రెండోసారికి తల గోక్కుని, ఫ్యూజు పోతే బైండింగు తీగ పెట్టినా అని ఒప్పుకునేవాడు.

“గేరు పెట్టెలో ఉండేదీ రాగి తీగ చుట్టలే కదప్పా. చిన్న మోటారు చుట్టలు. కంప్యూటరు పెట్టె కరెంటు పంపితే గేరు మారతాది, పంపకుంటే మారదు. చూద్దాం పట్రా,” అన్నాడు. గేరు పెట్టె కింద ప్లగ్గు విప్పి తన ముల్లు మీటరుతో కొలిచాడు. చుట్టలన్నీ బాగున్నాయి. ఇంకేముంది, బెంగుళూరు వాళ్లు చెప్పిందే నిజమని నేను చతికిలబడ్డాను.

“చల్లగా నిలబడినప్పుడు అన్నీ మంచిగానే ఉంటాయి. జబ్బు వచ్చినప్పుడు చూడాల. తోలు,” అని మీటరు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. బెళుగుప్ప దారిలో, గుంతలు దాటి ఎత్తు ఎక్కేచోట దీపం మిణుకుమంది. ఆపమన్నాడు. బండి చల్లబడకముందే కిందికి దూరి గేరు పెట్టె దగ్గర కొలిచాడు. ముల్లు లేచింది. పైకి వచ్చి ముందున్న కంప్యూటరు పెట్టె దగ్గర అదే చుట్ట తీగను కొలిచాడు. ముల్లు కదల్లేదు.

“పెట్టె బాగుండాది, చుట్ట బాగుండాది. నడుమ తీగ యాడో తెగిండాది. ఈ తీగ నీ పక్క సీటు కిందినుంచి పోయి, నేలలోనుంచి బయటికి దిగతాది,” అని నా వైపు తిరిగాడు. “ఈ సీటు కింద ఏమన్నా పెడతావా రామాంజీ?”

“ఏం పెట్టనన్నా,” అన్నాను.

పెడతాను. బెళుగుప్పలో మా మామగారి ఇల్లు. పోయినప్పుడల్లా అర మూట శెనక్కాయలు, అదే వేరుశనగ, ఇచ్చేవాళ్లు. ఆసుపత్రి బండిలో సరుకు వేయకూడదని లలితమ్మ కట్టడి. అందుకే సీటు కిందికి తోసేవాడిని. ఉద్యోగం నూలు పోగు మీద వేలాడుతున్నప్పుడు ఆ మాట నోటికి రాలేదు. వన్నూరప్ప నన్ను రెండోసారి అడగలేదు. నా మాట నమ్మి సీటు జోలికి పోకుండా, రెండు రోజులు బండి కింద వెల్లకిలా పడుకుని, బయటి తీగ మీద చుట్టిన టేపు జానెడు జానెడు విప్పుకుంటూ పోయాడు. కళ్లలో మన్ను పడేది. నేను పక్కనే కూర్చుని నీళ్లు అందించాను. సిగ్గు లేదు నాకు.

మూడో రోజు ఆయనే సీటు విప్పి చాప ఎత్తాడు. పొట్టు కుప్ప. దాని నడుమ ఎలుకలు కొరికిన తీగ, ఒకే ఒక్క పోగు మిగిలి ఉంది. కుదుపుకు ఆ పోగు విడిపోయేది, కాసేపటికి మళ్లీ తగులుకునేది. ఆయన తిట్టలేదు. గుప్పెడు పొట్టు తీసి నా చేతిలో పోసి, నా వేళ్లు ముడిచాడు.

“తీగ అబద్ధం చెప్పల్యా చూడప్పా. డాక్టరమ్మ కాడ పనిచేసే మనిషివి, నిన్ను రెండోసారి అడిగేదేంది అనుకొంటి. తప్పు నాదే.”

ఆ మాటకు చచ్చినంత పనైంది. సాయంత్రం లలితమ్మ వచ్చి ఏం జరిగిందని అడిగితే, “తీగ తెగిందమ్మా, అతికినా. ఎట్ల తెగిందో రామాంజి చెప్తాడు,” అని చేతులు కడుక్కోవడానికి దూరంగా పోయాడు. మా మాటలు చెవిన పడనంత దూరం. నేను అంతా చెప్పేశాను. లలితమ్మ వంగి సీటు కింద ఒకసారి చూశారు. “రేపు గుమ్మఘట్ట వాళ్లు ఎదురుచూస్తుంటారు. పొద్దున్నే బయల్దేరు,” అన్నారు. వన్నూరప్ప ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అప్పటినుంచి సెలవు దొరికితే ఆ కొట్టంలోనే ఉండేవాడిని. మీటరు పట్టడం, తీగ వెంట ఓపికగా పోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాలుగైదేళ్లు పోయాక ఆయన చుట్టలు చేత్తో తడిమి లెక్కపెట్టడం గమనించాను. పక్కనున్న స్టూలు తన్నుకునేవాడు. “కండ్లు చూపించుకోకూడదా అన్నా?” అన్నాను ఒకసారి. “బాగానే కనపడతాండాదిలేప్పా,” అన్నాడు. సరే అనుకుని వచ్చేశాను. ఎక్కడెక్కడి పల్లెల నుంచో ముసలివాళ్లను మోసుకొచ్చినవాడిని, ఆయన్ను ఎక్కించుకోవడానికి ఆ కొట్టం ముందు ఒక్కరోజు బండి ఆపలేకపోయాను.

ఏడాదిన్నర తర్వాత ఆయన కొడుకు వచ్చి నాన్నకు చూపు ఆనడం లేదని చెబితే, బలవంతాన బండి ఎక్కించాను. నీటికాసులు, చూపును లోలోపలే తినేసే జబ్బు, అన్నారు లలితమ్మ. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో దానిలో మిగిలింది నిలుపుకోవడమే, ముందే వచ్చి ఉంటే బాగుండేది అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా పక్క సీటులో కూర్చున్నాడు. కాసేపటికి సీటు కింద చాపను కాలితో తడిమి చిన్నగా నవ్వాడు.

“నేనూ నీ మాదిరే చేస్తి రామాంజీ. సీటు కింద ఏం లేదంటి. కండ్లు పోతాండాయని తెలిస్తే మోటార్లు ఎవరు తెస్తారప్పా?”

“నేను రెండోసారి అడగల్యా అన్నా,” అన్నాను. బండి పక్కకు తీసి ఆపేశాను.

“నిన్ను నేనూ అడగల్యా కదా. సరికి సరి,” అని నా భుజం వెతుక్కుని తట్టాడు.

సరికి సరి ఎలా అవుతుంది? నా అబద్ధానికి ఆయన రెండు రోజులు మన్నులో పడుకున్నాడు. ఆయన అబద్ధాన్ని నేను నమ్మినందుకు ఒక కన్ను పోయింది. ఆ మీటరు ఇప్పుడు నా షెడ్డులో ఉంది, ముల్లు ఇంకా లేస్తుంది. మొన్నటి కారు ఓనరును కూడా సీటు కింద ఏం పెడతావని అడిగాను. ఏమీ లేదన్నాడు. పొట్టు నా కళ్ల ముందే ఉన్నా కాసేపాగి మళ్లీ అడిగాను. తలవంచుకుని చెప్పాడు. అలా ఎవరినైనా రెండోసారి అడగగలను. పని మీద కళ్యాణదుర్గం పోయినప్పుడు, రాయదుర్గం రోడ్డులో ఆ కొట్టం ఉన్నచోట బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. కిటికీ దించి, లోపల తీగ చుడుతున్న మనిషిని ఇంకొక్కసారి అడగాలనిపిస్తుంది: అన్నా, నిజం చెప్పు, కండ్లు బాగుండాయా?