గొట్టం చివర

నాలుగేళ్లుగా ఈ బరువుతోనే పడుకుంటున్నాను, దీనితోనే లేస్తున్నాను. ఇది చదివే మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ముందు ఆ రోజు అక్కడ ఎవరున్నారో, ఏమున్నాయో రాస్తాను. లేకపోతే ముందుకు సాగలేను.

ముత్తంగి దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ. వెనక మిషన్ రూమ్. రెండు కంప్రెసర్లు, కొత్త గ్యాస్ సిలిండర్లు, పాత గ్యాస్‌ను లాగే మిషను. నేను. పైపులు అతికే దేవదానం అన్న. బయట ఐస్‌క్రీమ్ లారీలు, ఆగకుండా హారన్లు.

పాత గ్యాస్ గాలిలో కలిస్తే భూమిని విపరీతంగా వేడెక్కిస్తుంది. దాన్ని తీసేసి, తక్కువ హాని చేసే కొత్త గ్యాస్ నింపడం మా పని. పాతది కొంచెం కూడా బయటికి పోకుండా సిలిండర్‌లోకి లాగాలి. మే నెల ఎండకు సిలిండరు కాగిపోయి మిషను మాటిమాటికీ ఆగుతోంది.

“ఏంది ఇంజనీర్ సాబ్, గ్యాస్ మార్వమంటే నీ మొఖం రంగు మారవట్టె?” అని నవ్వి దేవదానం అన్న అన్నానికి పోయాడు.

ఆయన వెళ్లగానే మిషను నుంచి గొట్టం విప్పేసి, దాని చివర కిటికీలోంచి బయట పడేసి, వాల్వు తిప్పాను. తొందరలో మా లైనులో చాలామంది చేసేదే. కిటికీ కింద ఛాతీ లోతు పైపుల గుంత ఉంది. ఆ గ్యాస్ గాలికంటే బరువు. పల్లంలో నిలుస్తుంది, ఊపిరాడనివ్వదు. ఇది నాకు తెలియదా? పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన జల్దీగా తిని, మిగిలిన అతుకు పూర్తి చేద్దామని అటునుంచి అటే గుంతలోకి దిగాడని నాకెలా తెలుస్తుంది?

ఒక్కసారి తొంగి చూస్తే తెలిసేది.

తర్వాత చూసేసరికి గుంత గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నేను ముందు వాల్వు కట్టేశాను. గొట్టం లోపలికి లాక్కున్నాను. ఆ తర్వాతే అరిచాను.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. తాగి దిగి ఉంటాడన్నాడు సూపర్‌వైజరు. అదే అందరి నోటా పడింది. ఒకప్పుడు తాగేవాడు నిజమే. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు. సమాధి దగ్గర ఆయన భార్య మార్తమ్మ అక్క నన్ను పక్కకు పిలిచింది.

“తమ్మీ, నువ్వే గద పక్కకున్నది. తాగిండా?”

“నాకు తెల్వదక్కా.”

“బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ముట్టనన్నడు తమ్మీ. గదొక్కటి జెప్పు, సాలు.”

తల దించుకున్నాను. ఆమె దాన్ని అవునని తీసుకుంది. అప్పుడు వచ్చిన ఏడుపు, మొగుడు పోయినందుకు ఏడ్చే ఏడుపు కాదు.

ఎందుకు చెప్పలేదు? జైలు భయమా, ఉద్యోగం భయమా? రెండూ. కానీ ఆమె అడిగింది గ్యాస్ గురించి కాదు కదా. తాగలేదు అన్న ఒక్క మాట. అది చెప్పినా నన్నెవరూ పట్టుకునేవారు కాదు. ఆ మాట చెబితే తర్వాతి ప్రశ్న వస్తుందని అదీ దాచుకున్నాను.

రేపు ఆమె ఇంటికి వెళ్తానా? వెళ్తానని రాయడానికి ధైర్యం చాలడం లేదు. దేవదానం అన్న తాగలేదు. ఇక్కడైనా రాశాను.

ఆ మధ్యాహ్నం నేను వదిలిన గ్యాస్ ముప్పై రెండు కిలోలు.