మా వియ్యపురాలు ఆస్పత్రికి రాలేదు

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. ధర్మవరంలో మా వీధిలో ఎవరైనా తాయెత్తు కట్టిస్తుంటే, ముందు రక్తపరీక్ష చేయించండమ్మా అని చెప్పే మనిషిని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతి కాదు. ఇందులో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. అందరం బతికే ఉన్నాం. అందుకే దీన్ని ఎవరితో ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

మాది పట్టుచీరల మగ్గం ఉన్న ఇల్లు. ఒక్కతే కూతురు, హేమ. పెనుకొండలో ఇచ్చాం. అల్లుడు కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంట్లో ఇంకొకరు హేమ అత్త రత్నమ్మ, అంతే.

పెళ్ళయిన కొత్తలో అత్త మంచిదని సంతోషపడ్డాను. పోనుపోను ఆ మంచితనమే నాకు గొంతులో ముల్లయింది. హేమ ఫోన్ చేస్తే రెండో మాట మా అత్త. మా అత్త బొరుగుల ఉగ్గాని చేసింది. మా అత్త తలకు నూనె పెట్టింది. మరి పెళ్ళయ్యేదాకా ఆ తలకు నూనె పెట్టిందెవరు? ఇంటికొచ్చినా, అత్త ఒక్కతే ఉంటుందని మర్నాడే బయల్దేరేది. మా వీధిలో అత్తతో పడక పుట్టింటికొచ్చి ఏడ్చే ఆడపిల్లలుండేవాళ్ళు. ఆ తల్లుల్ని చూసి నాకు కుళ్ళు పుట్టేది.

ఎండాకాలంలో హేమకు కడుపునొప్పి వచ్చింది. గ్యాస్ అనుకున్నారు. వాంతులు ఆగకపోయేసరికి హిందూపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయారు. పేగు మెలిపడి కొంతభాగం నల్లబడిందని, వెంటనే కోసి తీసేయాలని చెప్పారు. మేం బస్సు దిగి పోయేసరికి బిడ్డను ఆపరేషన్‌కు తీసుకుపోయారు.

రత్నమ్మ రాలేదు. అంతకు కొద్దిరోజుల ముందే ఇంట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా పిండికట్టు. అల్లుడు ఆ మాట చెబుతుంటే అయ్యో అన్నాను. ఈ ఒక్కసారైనా నా బిడ్డ నా చేతుల్లో ఉంటుందని లోపల అనుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. హేమను గదికి మార్చాక మంచం పక్కనే కూర్చున్నాను. మా ఆయన మగ్గం మీద చీర సగంలో ఉందని ధర్మవరం పోయారు. అల్లుడు డ్యూటీ అయ్యాక వచ్చి పోయేవాడు. పగలంతా నేనొక్కదాన్నే.

హేమ కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నా పక్కకు చూసింది. "అత్త యాడమ్మా?" అంది.

"మీ అత్త రాలేదమ్మా. కాలు బాగలేదు కదా" అన్నాను.

"ఇంతసేపూ ఈడనే ఉండె కదా. కాళ్ళు పిసుకుతాండె."

అంతసేపూ ఆ కాళ్ళు పిసికింది నేను. మత్తు ఇంకా దిగలేదులే అని సర్దిచెప్పుకున్నాను. కానీ మనసు చిన్నబోయింది.

పేగు మళ్ళీ కదలాలంటే లేచి నడవాలన్నాడు డాక్టరు. గ్యాస్ పోయినాకనే నోటికి ఏదైనా ఇవ్వాలన్నాడు. నేను ఎంత బతిమాలినా హేమ లేచేది కాదు. కుట్లు లాగుతాయని ఏడ్చేది. ఒక మధ్యాహ్నం దాని బట్టలు ఉతికి ఆరేసి వచ్చేసరికి కిటికీ దగ్గర చువ్వ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరు లేపినారమ్మా?"

"అత్త లేపె."

నాకు ఒళ్ళు మండింది. ఇంతలో నర్సు లోపలికొచ్చి, "పేషెంటు దగ్గర ఒకరే ఉండల్ల అని చెప్పినాం కదమ్మా. ఆ ఇంకొకామెను పంపించేయండి" అంది.

ఎవరని అడిగాను. ఆకుపచ్చ చీర కట్టుకున్న పెద్దామె, కళ్ళజోడు కాడ విరిగితే నల్లదారం కట్టుకుంది అని చెప్పింది. ఆ నల్లదారం రత్నమ్మదే. పోయినసారి వాళ్ళింట్లో నేనే చూశాను.

"కాలికి కట్టుండిందా?"

"లేదే. పాపను బాగా పట్టుకోని నిలబడుకొనుండె."

అప్పుడు కూడా నాకు భయం వేయలేదు. కాలు విరగడమే అబద్ధం అనుకున్నాను. నేను లేని సమయం చూసి వచ్చి, నా బిడ్డను లేపి, మంచిపేరు కొట్టేసి పోతోంది అనుకున్నాను. అల్లుడికి ఫోన్ చేస్తే, "అమ్మ మంచం దిగే మాదిరి లేదత్తా" అన్నాడు. వీడూ ఆ తల్లి కొడుకే కదా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం బయటికి పోతున్నట్టు పోయి, గదికి ఎదురుగా వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ గదికి ఒకటే తలుపు. నేను దాని మీది నుంచి చూపు తిప్పలేదు. ఎవరూ లోపలికి పోలేదు.

కాసేపటికి లోపల హేమ నవ్వు వినపడింది. కుట్లు నొప్పెడతాయని ఆపుకుంటూ నవ్వే నవ్వు. ఆపరేషన్ అయినప్పటి నుంచి నా ముందు ఒక్కసారీ నవ్వలేదు.

తలుపు తోసి పోయాను. హేమ ఒక్కతే. గోడకు ఆనించి పెట్టిన స్టూలు దాని కాళ్ళ దగ్గరికి జరిగి ఉంది.

"ఇప్పుడే పోయిందమ్మా. నీకు ఎదురు రాలేదా?" అంది.

ఆ స్టూలును ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆయన్ను ధర్మవరం నుంచి పిలిపించి బిడ్డ దగ్గర కూర్చోబెట్టి, పెనుకొండ బస్సెక్కాను. ఎందుకు పోతున్నానో ఆయనకు చెప్పలేదు. దొంగను పట్టుకునేదానికే పోయాను.

రత్నమ్మ నులకమంచం మీద ఉంది. కట్టు నిజమే. కాలివేళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి. పక్కింటామె అన్నం కలిపి పెడుతోంది. మంచం దిగనే లేదక్కా, అన్నీ మేమే చూసుకుంటాండాము అని ఆమె చెప్పింది.

ఆమె పోయినాక రత్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ బెంచీ మీద ఒక్కదానివే ఎందుకు కూచున్యావు వదినా? లోపలికొచ్చింటే ముగ్గురం నవ్వుకుంటాంటిమే" అంది.

ఆ బెంచీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. హేమకు కూడా తెలీదు.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఆమె అయోమయంగా చూసింది. "మధ్యాన్నం నొప్పి మాత్ర ఏసుకుంటే నిద్ర పడతాది. కల మాదిరి మీరిద్దరూ కనపడతాంటారు. కలే కదా వదినా?"

నర్సు చెప్పింది, హేమ చెప్పింది అంతా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. "నేను వస్తాండానా? నాకు తెలీదే" అంది.

నాకు భయం వేయాలి కదా. వేసింది. కానీ దానికంటే ముందు ఈర్ష్యే వచ్చింది. "ఇంక రావద్దు వదినా. నా బిడ్డను నాకు వదిలిపెట్టు" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని సరే అంది.

ఆ తర్వాత ఆమె రాలేదు. హేమ లేవలేదు. తలుపు వైపు చూస్తూ పడుకునేది. జ్వరం వచ్చింది, కడుపు ఉబ్బింది. పేగు కదలకపోతే మళ్ళీ కోయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. నేను లేపబోతే బిడ్డ ఒళ్ళు బిగబట్టుకునేది. వరండాలోకి పోయి రత్నమ్మకు ఫోన్ చేశాను.

"వదినా, రా" అన్నాను.

"ఎట్ల రావల్నో నాకు తెలీదు వదినా."

"మాత్ర ఏసుకోని పండుకో."

"నువ్వు చెప్పినప్పట్నుంచి మాత్ర ఏసుకోలే. నిద్రపోతే ఆడికి వస్తానేమోనని, నొప్పి ఓర్చుకోని మేలుకోనే ఉండా" అంది.

ఆ మాటకు కూడా నాకు ఈర్ష్యే కలిగింది. నా బిడ్డ కోసం అంత ఓర్చుకునే పని ఒకటి నాకు మిగల్చలేదే అని. అయినా ఈ పూట మాత్ర ఏసుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం నేను గది వదల్లేదు. స్టూలును నేనే మంచం దగ్గరికి జరిపి, ఎదురుగా కింద కూర్చున్నాను. నాకు ఎవరూ కనపడలేదు. హేమ మాత్రం స్టూలు వైపు తిరిగి చిన్నగా నవ్వి, చెయ్యి చాచి, నెమ్మదిగా లేచింది. గోడ పట్టుకోకుండా తలుపు దాకా నడిచింది. దాని మోచెయ్యి ఎవరో పట్టుకున్నట్టు కాస్త పైకి లేచి ఉంది. సాయంత్రానికి గ్యాస్ పోయింది. డాక్టరు గంజినీళ్ళు ఇవ్వమన్నాడు.

హేమ ఇప్పుడు బాగుంది. రత్నమ్మ కట్టు విప్పేశారు, కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆమెకు ఇప్పుడు అట్లాంటి కలలు రావట. మేమిద్దరం ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మత్తుమందు ప్రభావమని, నర్సు ఇంకెవరినో చూసిందని ఎవరైనా అనొచ్చు. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను. ఆ బెంచీ మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాను.

ఈ మధ్య హేమ ఇంటికొచ్చినప్పుడు ఒకమాట అడిగాను. "ఆస్పత్రిలో నీకు ఎవరెవరు గుర్తున్నారమ్మా?"

"అత్త" అంది. నా ముఖం చూసి, "నువ్వు కూడా ఉన్నావు కదమ్మా" అంది.

కాలు విరిగి మంచాన పడిన మనిషి పెనుకొండ నుంచి ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆడనే కూర్చున్న నేను నా బిడ్డకు ఎందుకు కనపడలేదో, అదీ తెలీదు.