లారీ నుదుటి పేరు

ఎదురుగా లారీ వస్తే దాని నుదుట రాసిన పిల్లల పేర్లు చదవడం నాకు ఒకసారి బస్సు ప్రయాణంలో అలవాటైంది. నంద్యాలలో ఎక్కిన ఒకాయన మసిపట్టిన రేకు బోర్డు ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. దాని మీద ‘మేఘన’ అని ఉంది.

"ఏం బోర్డన్నా అది?"

"నా పాత లారీదప్పా. మా పాప పేరు. బండి పాతబడేకొద్దీ పొగకేసే గ్రీన్ ట్యాక్స్ ఎక్కువ గదా, కట్టలేక, పోయిన నెల తుక్కుకిచ్చేస్తి. పాప అడిగితే ఈపొద్దు పోయి బోర్డు ఊడదీసుకొస్తాండా."

సర్కారును తిడతాడేమో, నేనూ నాలుగు కలుపుదామనుకున్నాను. ఆయన నవ్వాడు.

"నేనూ శానా తిడితి. గానీ రోజూ తెల్లారి ఆ బండి స్టార్ట్ చేస్తే పొగంతా ఇంట్లోకే. పాపకు ఒకటే దగ్గు. ఇప్పుడు నిమ్మళంగా పండుకుంటాంది."

"మరి బతుకుదెరువు?"

"అప్పుజేసి కొత్త బండి తెచ్చినా. దీనికి ట్యాక్స్ తక్కువ, పొగా తక్కువే."

"అయితే ఈ బోర్డు దానికేనా?"

ఆళ్లగడ్డ వచ్చింది. ఆయన తువ్వాలుతో బోర్డు మీది మసి తుడుస్తూ లేచాడు.

"లేదప్పా, ఇంటి తలుపుకు కొడతా. మా పాప పేరు పొగలో తిరిగింది సాలు."