పళ్ళెం లాక్కున్నారు, దబ్బనం వదిలేశారు

మా మేనత్త మొన్న బందరులో కన్నుమూసింది. చివరిదాకా ఒక మనిషి మీద కసి వదలని మనిషి ఆమె. ఆ కసిలో నాకూ వాటా ఉంది.

ఇంటి ముందు గదిలో ఆడపిల్లలకు కూచిపూడి నేర్పేది. ప్రోగ్రాముకి ముందు స్టేజీ అంతా వట్టి కాళ్ళతో తిరిగి, మేకులు ఉన్నాయేమోనని అంగుళం అంగుళం తడిమి చూసేది. "గుచ్చుకుంటే నాకే గుచ్చుకోవాలే, మీకు కాదు" అనేది. ఆమె జాగ్రత్త అలాంటిది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఢిల్లీలో నాకు తరంగం చేసే అవకాశం వచ్చింది. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే నాట్యం అది. అత్తయ్య తన గురువుగారిచ్చిన పళ్ళెం నాకిచ్చింది. దాన్ని పెట్టెలో వేయనివ్వలేదు. "గురువుగారి పళ్ళెం మీద పరాయివాళ్ళ పెట్టెలు పడతాయటే?" అని పట్టుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. మేము మాత్రం రోజూ దానికి దణ్ణం పెట్టి ఎక్కి తొక్కేవాళ్ళం!

హైదరాబాద్ విమానాశ్రయంలో తనిఖీ ఆఫీసరు గుడ్డ విప్పించాడు.

"దీంతో ఎవరినైనా కొట్టొచ్చమ్మా. లోపలికి కుదరదు."

"కొట్టాలంటే కాలికి చెప్పుంది కదండీ, పళ్ళెమెందుకు? దీని మీద నాట్యం చేస్తామండీ" అంది అత్తయ్య.

"రూలండీ."

పెట్టెలు అప్పటికే వెళ్ళిపోయాయి. అత్తయ్య బతిమాలింది, ఆఖరికి చేతులు జోడించింది. అతను కన్నెత్తి చూడకుండా పళ్ళేన్ని పక్కనున్న బుట్టలో పడేశాడు. అది ఖంగుమంది.

విమానం ఎక్కాక అత్తయ్య కొప్పు సర్దుకోబోయి ఆగిపోయింది. పూలజడ కుట్టే దబ్బనం అందులోనే ఉంది! రోజూ పని అయ్యాక అక్కడే గుచ్చుకునే అలవాటు. పరీక్ష చేసే యంత్రం కూస్తే గాజులనుకుని పంపించేశారు.

"చూశావుటే! వీళ్ళా మనల్ని కాపాడేది?" అంది.

ఢిల్లీలో ఎవరిదో పల్చటి పళ్ళెం తెచ్చిచ్చారు. రెండో చరణంలో అది వంగింది. నిండు సభలో నేను బోర్లా పడ్డాను. తెర వెనక ఏడుస్తుంటే అత్తయ్య నా చీలమండకు కట్టు కడుతూ, "నువ్వు పడలేదే. వాడు పడేశాడు" అంది. తిరిగొచ్చి అడిగితే పళ్ళెం ఏమైందో ఎవరికీ తెలియదన్నారు. ఆమె అక్కడే నిలబడి ఆ ఆఫీసరు వంశాన్నంతా తిట్టిపోసింది.

మరుసటి ఏడాది మళ్ళీ ప్రయాణం. అదే ఆఫీసరు. ఈసారి దబ్బనం కావాలనే కొప్పులో పెట్టుకుంది. తనిఖీ దాటాక వెనక్కి తిరిగొచ్చి, అతని పైఅధికారి చూస్తుండగా బల్ల మీద పెట్టింది.

"ఇది మీ కళ్ళముందే వెళ్ళిందండీ. మా పళ్ళెం ఏం పాపం చేసింది?"

మమ్మల్ని పొద్దంతా కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. విమానం వెళ్ళిపోయింది. అత్తయ్య బెంచీ మీద పులిహోర పొట్లం విప్పి, "వాడి మొహం మాడిపోయింది, చూశావా! పోతే పోయింది వెధవ విమానం" అంటూ నాకు ముద్ద అందించింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

తనిఖీలే వద్దని నేననను. చూడాల్సింది చూస్తే రెండు చేతులా దణ్ణం పెడతాను. గోళ్ళు తీసుకునే కత్తెరలతో నిండిన ఆ బుట్టలు ఎక్కడ కనబడినా మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆఫీసరుకి ఇంకో పది తిట్లు బాకీ ఉన్నాననిపిస్తుంది.

పోయే ముందురోజు ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నాను. "ఇంకా కోపమేనా అత్తయ్యా? ఇక వదిలెయ్యకూడదూ?" అని అడిగాను.

ఆమె దుప్పటి కొస జరిపి కుడికాలు చూపించింది. వేళ్ళు ముడుచుకుని, అక్కడ లేని పళ్ళెం అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.