దయ్యం చదువుకునే వేళ

దయ్యాలంటే నాకు భయం. అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. అలాంటి నన్ను తీసుకుపోయి గద్వాలలో దయ్యాల నవలలకు కాపలా కూచోబెట్టారు.

యుద్ధం మొదలై కాగితం కరువైన రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. బిజినేపల్లి దగ్గర మా ఊరు వదిలి గద్వాల బడిలో పంతులుగా చేరాను. పట్టునూలు వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి తన ఇంటి ముందరి అర్రను గ్రంథాలయానికి వదిలాడు. దాని పక్కనున్న చిన్న గదిలో నన్ను ఉండమన్నాడు. పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం నా పని. రెండు బీరువాలు, ఒక బల్ల, వీధివైపు ఊచల కిటికీ, వెనక ఇంటి వాకిట్లోకి తెరుచుకునే చిన్న తలుపు. ఇదే మా గ్రంథాలయం.

పుస్తకాలు మద్రాసు నుంచి రైల్లో వచ్చేవి. గోనెగుడ్డ చుట్టి, పురికొస కట్టి, లక్క ముద్ర వేసిన కట్ట విప్పగానే జిగురు వాసన, కొత్త కాగితం వాసన గదినిండా కమ్ముకునేది. ఆ వాసనకు ఇప్పటికీ నాకు కళ్లు మూతపడతాయి. ఆ ఏడు వేసవి మొదట్లో వచ్చిన కట్టలో ఆరు నవలలుంటే ఆరూ దయ్యాలవే. గుమ్మం పక్కన పలక మీద "కొత్తగా వచ్చిన దయ్యాల నవలలు" అని సుద్దతో రాసి వేలాడదీశాను.

ఊరి పెద్దలు ఆ పలక చూసి ముఖం చిట్లించారు. జ్ఞానం పెంచే గ్రంథాలుండగా ఈ చెత్త ఎందుకని నన్ను నిలదీశారు. పొద్దున నిలదీసినవాళ్లే సాయంత్రం వచ్చి, పైన ఒక వేదాంత గ్రంథం, దాని కింద ఒక దయ్యాల నవల పెట్టుకుని, రెంటి మీదా తువ్వాలు కప్పుకుని పోయేవారు. వాపసు తెచ్చేటప్పుడు వేదాంతం పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉండేవి. నవ్వాపుకోలేక బల్ల సొరుగులో తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు నటించేవాణ్ని.

ఇంటి యజమానికి ఒక అక్క ఉండేది. పదమూడో ఏట పెళ్లి, పద్నాలుగో ఏట తెల్లచీర. నేను చేరేనాటికి నలభై దాటి ఉంటాయి. ఎవరైనా బయటికి బయలుదేరితే ఆమె ఎదురు రాకూడదు. అందుకని చెప్పుల చప్పుడు వినగానే తలుపు చాటుకు తప్పుకునేది. నేను బడికి పోయేటప్పుడూ అంతే. కొన్ని నెలలపాటు ఆమె కొంగు చివర తప్ప నేనేమీ చూడలేదు. ఎందుకు దాక్కుంటుందని అడగలేదు. మా ఇంట్లోనూ అలాంటి ఒక పిన్ని ఉండేది, అందుకని నాకది వింతగా అనిపించలేదు. అనిపించనందుకే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆమె రోజంతా వాకిట్లో రాట్నం ముందు కూచుని నేతకు కండెలు చుట్టేది. ఆ రాట్నం చప్పుడుతోనే నాకు తెల్లవారేది.

వేసవికి బడి ఒంటిపూట అయింది. అప్పటినుంచే గ్రంథాలయంలో ఏదో జరుగుతున్నదని నాకు అనుమానం. పొద్దున నేను పైవరసలో పెట్టిన నవల సాయంత్రానికి కిందివరసలో ఉండేది. దాని పేజీల మధ్య పట్టు దారపు ముక్క ఒకటి. మొదటిరోజు ఎర్రది, ఇరవయ్యో పేజీలో. మర్నాడు పచ్చది, యాభయ్యో పేజీలో. మూడోనాడు ఊదారంగుది. నిజం చెప్పాలంటే ఆ రోజు అన్నం సహించలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చి తలుపు తోశాను. కిటికీ ఊచల నీడలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఆ నీడల మధ్య చాప మీద తెల్లచీరలో ఒక మనిషి. కేక పెట్టబోయి చేతిలోని చెప్పులు జారవిడిచాను. ఆమె తలెత్తి, నేను భయపడ్డది చూసి, నవ్వు దాచుకోలేకపోయింది.

"పంతులూ, ఒక్క మాట అడుగుత చెప్పు. గీ కితాబులల్ల దయ్యాలన్నీ తెల్లచీరనే కడుతయేంది? ఒక్కదానికన్న మొగుడు బతికిలేడా?"

నేను ఫక్కున నవ్వాను. నవ్విన తరువాత ఎవరితో నవ్వుతున్నానో గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమె మాత్రం నవ్వుతూనే ఉంది.

చిన్నప్పుడు వాళ్ల నాయన ఇసుకలో అక్షరాలు దిద్దించాడట. తెల్లచీర కట్టిననాడు ఒక పురాణం చేతికిచ్చి జీవితమంతా ఇదే చదువుకొమ్మన్నారట. చదివింది. అట్టలు ఊడిపోయి, ప్రతి మాటా నోటికొచ్చేదాకా చదివింది.

"అండ్ల ఎవలు సస్తరో, ఎవలు పుడుతరో అంత ఎర్కె నాకు. తెల్లారితే నా బతుకుల ఏమైతదో గది గూడ ఎర్కె. ఏం గాదు. గీ కితాబుల పేజీ తిప్పితే ఏమైతదో తెల్వదు పంతులూ. గదే మజా," అన్నది. తరువాత గొంతు తగ్గించి, "ఎవలకు చెప్పకు. నాకున్నది గీ ఒక్క గంటనే," అన్నది.

చెప్పనన్నాను.

ఆ వేసవి నాకు నిద్రలో గడిచిన కాలంలా గుర్తుంది. మిట్టమధ్యాహ్నం గద్వాలలో కుక్క కూడా కదలదు. దూరంగా ఎక్కడో ఒక మగ్గం ఆడీ ఆడనట్టు చప్పుడు చేసేది. నేను గుమ్మానికి ఆనుకుని కూచునేవాణ్ని, ఆమె చాప మీద. ఆమెకు పుస్తకాన్ని మౌనంగా చదవడం రాదు. పురాణం చదివే రాగం ఒక్కటే వచ్చు. దయ్యాల నవలను కూడా ఆ రాగంలోనే చదివేది. దయ్యం మెట్లు దిగుతుంటే రాగం మెట్టుమెట్టుగా దిగేది. పీక పిసికే చోట ఒక దీర్ఘం తీసి, తల పంకించి, చేతులు జోడించబోయి మానుకునేది. నాకు భయమూ వచ్చేది, కునుకూ వచ్చేది. కునుకులో ఆ కథల్లోని మేడలు మా ఊరి చెలకల్లో లేచి నిలబడేవి. కళ్లు తెరిస్తే ఎండలో దుమ్ము మెల్లగా తేలుతుండేది. ఏది కలో ఏది గదో తేల్చుకోవాలని కూడా అనిపించేది కాదు. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ భయపడలేదు.

ఆరింటిలో ఒక నవల ఆమెను పట్టుకుని వదల్లేదు. ఒక పాడుబడ్డ మేడ. పైఅంతస్తులో తాళం వేసిన గది. ఆ గది కిటికీలో అప్పుడప్పుడూ తెల్లచీర కదులుతుంది. మేడ కొన్న ఆసామి తాళం తీయించి తలుపు మీద చెయ్యి వేస్తాడు. లోపలి గడియ తనంతట తానే జారుతుంది. అక్కడితో మొదటి భాగం ఆగిపోయింది. కాగితం దొరకగానే రెండో భాగం అచ్చువేస్తామని చివర రాశారు.

"అది దయ్యం గాదు, బతికున్న మనిషే," అన్నది ఆమె.

"తాళమేసిన గదిలో మనిషెట్ల ఉంటది పెద్దమ్మా? దయ్యమే."

"బయట తాళమేస్తే లోపట మనిషి ఉండదా? నీకేం తెల్వదు. రెండోది రానీ, నువ్వే సూస్తవు."

రోజూ ఇదే వాదన. తరువాతి కట్టలో రెండో భాగం తప్పకుండా పంపమని మద్రాసుకు ఉత్తరం రాశాను.

ఈలోగా అన్నానికి ఇంటికి పోతున్న నేతగాడు ఒకడు కిటికీలోంచి తెల్లచీర చూశాడు. మధ్యాహ్నం పన్నెండింటికి దయ్యాలు తిరుగుతాయని ఎవరికి తెలియదు? మొదటిరోజు అది గ్రంథాలయంలో దయ్యం. రెండోరోజుకు దాని పాదాలు వెనక్కి తిరిగాయి. మూడోనాటికి ముట్టుకోకుండానే పేజీలు తిప్పసాగింది. నాలుగోనాటికి అది నా గొంతు పిసకబోతే నేను దేవుణ్ని తలుచుకుని బతికిపోయానని బజార్లో నాకే చెప్పారు. నేను కూడా గొంతు తడుముకుని ఔనన్నాను.

మధ్యాహ్నం ఆ వీధిలోకి ఎవరూ రావడం మానేశారు. నిజం చెప్పేద్దామా అని ఆమెను అడిగాను.

"వద్దు. దయ్యమంటే తొవ్వ ఇస్తరు. నన్ను సూస్తే ఇంట్లకు మర్లిపోయి నీళ్లు తాగి మళ్ల బయలెల్లుతరు. దయ్యమే నయం నాకు," అన్నది.

ఆ మాట నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం ఆ పూట చదువు వినిపించలేదు.

ఒక శుక్రవారం, అప్పట్లో బడికి వారపు సెలవు ఆనాడే. పొద్దున స్టేషను నుంచి కొత్త కట్ట వచ్చింది. విప్పేలోపే పెద్దలు కబురు పంపారు, సాయంత్రం అందరూ కూడాలని. పొద్దు గూకకముందే పదిమంది దాకా వచ్చి బల్ల చుట్టూ కూచున్నారు. కట్ట ఆ బల్ల మీదే ఉంది, లక్క ముద్రతో సహా. దయ్యాల పుస్తకాలు తెప్పించినందుకే దయ్యం వచ్చిందన్నారు. వేదాంతం కింద నవల పెట్టుకుపోయే పెద్దమనిషే అందరికంటే గట్టిగా అన్నాడు. ఈ కట్టను విప్పకుండా తిప్పి పంపాలి. వెనక తలుపు గుండానే అది వస్తున్నది కాబట్టి ఆ తలుపును గోడకట్టి మూసెయ్యాలి. ఇంటి యజమాని తలూపాడు.

"రేపే ఇటుకలు తెప్పిస్త," అన్నాడు.

ఆమె గంటను ఇటుకలతో మూసేస్తున్నారని నాకు తెలుసు. మాట్లాడవలసినవాణ్ని నేనే. కానీ నేను ఆ ఇంట్లో ఉండేవాణ్ని, బడిలో కొత్తవాణ్ని, పైగా పిరికివాణ్ని. లక్క ముద్ర వైపు చూస్తూ కూచున్నాను. అంతవరకు వాకిట్లో తిరుగుతున్న రాట్నం ఆగింది.

వెనక తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి, అందరి ఎదుటా, కిటికీ వెలుతురులో నిలబడింది. చేతిలో మొదటి భాగం.

"దయ్యం లేదు, గియ్యం లేదు. పగటేళ ఈడ సదివేది నేనే," అన్నది.

ఇద్దరు లేచి తువ్వాళ్లు దులుపుకుని బయటికి పోయారు. యజమాని ముఖం కందిపోయింది.

"అక్కా, లోపటికి పో."

"పోత తమ్మీ. కితాబు తీస్కొని పోత." నా వైపు తిరిగింది. "పంతులూ, జర ఆ కట్ట ఇప్పు. రెండోది వచ్చిందేమో సూడు."

పురికొస కోశాను. నాలుగో పుస్తకం అదే. పుస్తకాలు తీసుకున్నవాళ్ల పేర్లు రాసుకునే నోటుబుక్కు తెరిచాను.

"నా పేరు మీద రాసి ఇయ్యి పంతులూ, ఒడిసిపోతది," అన్నాడు యజమాని, నేల చూస్తూ.

"నీ పేరెందుకు తమ్మీ? సదివేది నేను గదా," అన్నది ఆమె.

కలం సిరాలో ముంచాను. "పేరు చెప్పు పెద్దమ్మా," అన్నాను.

ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. కొంగు చివరను కండె చుట్టినట్టు వేలికి చుట్టుకోసాగింది. ఇంట్లో తమ్ముడికి అక్క, పిల్లలకు అత్త, నాకు పెద్దమ్మ, ఊరికి అపశకునం. పేరుతో పిలిచినవాళ్లు ఎప్పుడో పోయారు. ఏడు నెలలు ఆ ఇంట్లో ఉండి నేను కూడా ఆ మాట అడగలేదు. కలం చివర సిరా బొట్టు కాగితం మీద రాలింది.

అప్పుడు చెప్పింది. ఆడపిల్ల పుట్టిందని సంబరపడి పెట్టుకున్నట్టున్న చిన్న పేరు. చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు తమ్ముడి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు, కళ్లు తుడుచుకున్నాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ రోజు నోటుబుక్కులో రాశాను, అది చాలు.

పుస్తకం తీసుకుని ఆమె వెనక తలుపు వైపు పోలేదు. వీధి గుమ్మం వైపు నడిచింది. అంతకుముందు లేచిపోయి మెట్ల మీద నిలబడినవాళ్లు పక్కకు జరిగారు. దయ్యానికి జరిగినట్టు జరిగారో, మనిషికి జరిగినట్టు జరిగారో నాకు తెలియదు.

మర్నాడు ఇటుకలు రాలేదు. మధ్యాహ్నం గది ఖాళీగా ఉంది. నేను గుమ్మానికి ఆనుకుని కూచున్నాను గానీ కునుకు రాలేదు. సాయంత్రం, నలుగురూ కూచుని చదువుకుంటున్న వేళ, ఆమె వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది. రాత్రీ పగలూ చదివినట్టుంది, కళ్లు ఎర్రబడ్డాయి. నేను ఆత్రం పట్టలేక ఏమైందని అడిగాను.

"నేను చెప్పలే పంతులూ? బతికున్న మనిషే."

ఆమె పేరు ఎదురుగా, పుస్తకం వాపసు వచ్చింది అని రాశాను.