బాలింత వంతుకు వెళ్ళిన పాస్టరు

"సాక్ష్యం చెప్పేటోళ్లు ఎవరన్న ఉంటె లేవుండ్రి" అని ముత్తన్న తొలిసారి పిలిచిన ఆదివారం, ప్రార్థన పాకలో కూర్చున్నవాళ్ళంతా లేచారు. లేచి, ఒకరి వెనుక ఒకరు బయటికి నడిచారు. అందరికంటే ముందు గడప దాటింది ఈరవ్వ.

ఆ పారిపోవడంలో అవివేకమేమీ లేదు. రుద్రూరు దాపున ఉన్న ఆ వాడలో సాక్ష్యమంటే గవాయి. గవాయి అంటే బోధన్ కచేరీ. ఒక పొలం గెట్టు తగాదాలో చూసింది చూసినట్టు చెప్పినందుకు ఈరవ్వ భర్త పోశయ్యను పటేలు మనుషులు నడివాకిట్లో కొట్టారు. అప్పటి నుంచి అతని కుడిచెయ్యి భుజం దాటి లేవదు.

"సాచ్చెం జెప్తె దేవుడు మెచ్చుతడట పోశన్నా!" అని పొరుగింటి కాశయ్య ఎకసెక్కమాడాడు.

"మెచ్చెటోడు మెచ్చుతడు, తన్నెటోడు తన్నుతడు. నాకు ఇంకో చెయ్యి సుత పోవాల్నా?" అన్నాడు పోశయ్య.

ముత్తన్నది మాక్లూరు వైపు. నిజాంసాగర్ కట్ట కడుతున్న రోజుల్లో రాళ్ళు మోసిన కూలీ. కోస్తా నుంచి పనికి వచ్చిన ఒక బోధకుని దగ్గర అక్షరాలు, ప్రార్థన, దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడానికి సాక్ష్యమన్న మాట కలిపే నేర్చుకున్నాడు. కాలువకు నీళ్ళు వదిలిన ఏడాది ఆ నీళ్ళలోనే నిలువునా మునిగి బాప్తిస్మం పొందాడు. కాలువ వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట కూలీలు వచ్చారు, కూలీల వెంట ముత్తన్న వచ్చాడు. వారమంతా చెరుకు కొట్టి, శనివారం పస్తుండి, ఆదివారం బోధించేవాడు. ప్రార్థన ముదిరినప్పుడు అతని నోట ఎవరికీ తెలియని మాటలు దొర్లేవి. నిజామాబాద్ బజారులో మరాఠీ, కచేరీలో ఉర్దూ విని ఉన్న కాశయ్య చెవులు రిక్కించి, "తుర్కం గాదు, మరాటీ గాదు. గిది ఏ ఊరి బాసనో!" అని ఆశ్చర్యపోయేవాడు.

పాక ఖాళీ అయిన మరుసటి ఆదివారం ముత్తన్న ఆ మాటను మడిచి పక్కన పెట్టాడు. "సాక్ష్యం వద్దు. కష్టమో సుఖమో, ముచ్చట జెప్పుండ్రి. ముచ్చటకు కచేరి లేదు గద" అన్నాడు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చారు. ఒకరు ఎడ్ల జబ్బు గురించి, ఒకరు అత్తాకోడళ్ళ పోరు గురించి చెప్పుకున్నారు. ఈరవ్వ కూడా వచ్చి వాకిలి దగ్గర కూర్చునేది. నోరు మాత్రం విప్పేది కాదు.

ఆమె ముచ్చట పాకలో చెప్పగలిగేది కాదు. అంతకు ముందు ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ చెరుకు ఆడే కాలంలోనే. ఆ కాలంలో పటేలు గానుగ దగ్గర వాడలోని ప్రతి ఇంటికీ వంతుల వారీగా వెట్టి ఉండేది. అంటే కూలి లేని పని. మగవాళ్ళు చెరుకు మోయాలి. ఆడవాళ్ళు పిప్పి ఎండబెట్టి, బెల్లం పొయ్యిలోకి ఎగదోయాలి. రెండుసార్లూ పురుడు వెళ్ళకముందే ఈరవ్వకు పిలుపు వచ్చింది. చంటిపిల్లను పొయ్యి పొగలో పడుకోబెట్టి పని చేసింది. రెండుసార్లూ పాలు ఎండిపోయాయి, పిల్లలు దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నిండు చూలాలు, మళ్ళీ చెరుకు కోతకు వచ్చింది. ఈ బిడ్డయినా నిలుస్తుందా అన్నదొక్కటే ఆమె ప్రార్థన. దానికి జవాబు ఆకాశం నుంచి కాక ఇంకెక్కడి నుంచైనా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆడపిల్ల పుట్టింది. పొత్తిగుడ్డల వాసన పోకముందే, ఇల్లిల్లూ తిరిగి వెట్టికి పిలిచే పటేలు మనిషి హన్మండ్లు వాకిట్లో నిలబడ్డాడు.

"ఈరవ్వా, గానుగ కాడ నీ వంతు."

"బాలెంతనే అన్నా. పురుడన్న ఎల్లనియ్యి" అన్నాడు పోశయ్య.

"నాకు ఎరికే, పిప్పికి ఎరికనా? మనిషిని పంపు. పేరుతోటి నాకు పనిలేదు."

పక్క గుడిసె నుంచి ముత్తన్న తలకు తువ్వాల చుట్టుకుంటూ వచ్చాడు. "మనిషేగద గావాల్సింది. నేను సుత మనిషినే. పా."

హన్మండ్లు నవ్వాడు. "గది ఆడోళ్ల పని, పాస్టరయ్యా!"

"నేర్సుకుంట."

గానుగ దగ్గర ఆ రోజంతా వేడుక. ఎడ్లను తోలే దేవన్న కేక వేశాడు: "ముత్తవ్వా, కొంగు జార్తున్నది సూస్కో!"

"జారనియ్యన్నా. పిప్పి ఎండినంక కప్పుకుంట" అన్నాడు ముత్తన్న, నేల మీద పిప్పి పరుస్తూ.

ఒకనాటి వేడుకనుకున్నది పురుడు వెళ్ళినా ఆగలేదు. తన వంతు వెట్టి తాను చేశాడు, ఈరవ్వ వంతూ చేశాడు. చెరుకు కొట్టే కూలి పోయి, పూటకు ఇంత జొన్న గటుక దొరికితే చాలనుకున్నాడు. సాయంత్రం మసి ముఖంతో తిరిగి వస్తున్న అతణ్ణి ఈరవ్వ గుడిసెలోంచి చూసేది. తోడబుట్టినవాడు కాదు, మేనరికం లేదు. ఇంత పెద్ద మనసు ఆ బక్క ఒంట్లో ఎక్కడ పట్టిందో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఒకనాడు అడిగింది.

"గింత ఎందుకు మోస్తున్నవన్నా?"

"నా వంతు సిలువ మీద ఇంకొకాయన మోసిండు చెల్లె. నాకు ఎరికైంది గదొక్కటే."

ఈలోగా పటేలు చెవిన ఒక మాట పడింది. వాడవాళ్ళు పాకలో ప్రతి ఆదివారం గవాయి చెబుతున్నారట. పటేలు ముత్తన్నను పిలిపించాడు.

"గవాయిలు జమ జేస్తున్నవట. ఎవని మీద?"

"ఎవ్వరి మీద గాదు దొరా. ఇనెటందుకు మనిషిని పంపుండ్రి."

"పంపుత. నా పేరు ఇనబడ్డదో, పాక ఉండది, నువ్వుండవ్."

ఆ ఆదివారం హన్మండ్లు పాక మధ్యలో కూర్చున్నాడు. ఎవరూ పెదవి కదపలేదు. ముత్తన్న కూడా ముచ్చట అడగలేదు. పాట పాడించి, ప్రార్థనతో ముగించబోయాడు. అప్పుడు ఈరవ్వ పిల్లను ఎత్తుకుని లేచింది. పోశయ్య ఆమె కొంగు పట్టి లాగాడు.

"కూసోవే!"

"కూసోను. ముచ్చట గాదు, గవాయి జెప్తున్న" అన్నది ఈరవ్వ. "నా ఇద్దరు పిల్లలు గానుగ పొగల పోయిండ్రు. గీ పిల్ల బతికింది. నా వంతుకు ముత్తన్న పోయిండు, గందుకే బతికింది. కండ్లార సూసింది జెప్తున్న. గడిల అడిగినా గిదే జెప్త, బోధన్ కచేరిల అడిగినా గిదే జెప్త."

చంకలో పిల్ల ఏడుపు అందుకుంది. హన్మండ్లు తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు. పాక పీకడానికి ఎప్పుడు వస్తారోనని వాడంతా అక్కడే కూర్చున్నది.

ఎవరూ రాలేదు. పటేలు గడీలో జరిగింది తరువాత హన్మండ్లే చెప్పాడు. "గవాయి అయింది దొరా. గని నీ మీద గాదు. ముత్తన్న మీద, మంచోడని" అన్నాడట. పటేలు, "నా పేరు రాలేదా?" అని అడిగాడట. "అక్కెర పడలేదు దొరా" అన్నాడట హన్మండ్లు. పటేలు పాక సంగతి ఎత్తకుండా, పొమ్మని చెయ్యి ఊపాడట.

వెట్టి ఆగలేదు. ఆ రోజుల్లో అది ఆగే సూచనలూ లేవు. కానీ మరుసటి ఏడు చెరుకు ఆడేవేళ కాశయ్య కోడలు ప్రసవించింది. పిలుపు రాగానే ముత్తన్న ఎప్పటిలా గానుగకు వెళ్ళాడు. అప్పటికే అక్కడ కాశయ్య వంగి పిప్పి పరుస్తున్నాడు. అతని పక్కన పోశయ్య ఎడమచేత్తో పొయ్యిలోకి ఎగదోస్తున్నాడు. ఈసారి దేవన్న ఎవరినీ ఆటపట్టించలేదు.

"ఇంటికి పో ముత్తన్నా" అన్నాడు కాశయ్య, తల ఎత్తకుండానే. "ఇయ్యాల మేమున్నం. రేపటికి మల్లన్న వస్త అన్నడు."

కొన్నేళ్ళకు ముత్తన్న చలిజ్వరంతో కన్నుమూశాడు. అతను ఉన్నన్నాళ్ళూ, పోయిన తరువాతా, ఆ వాడ నుంచి ఏ బాలింతా గానుగకు వెళ్ళలేదు. ప్రతిసారీ ఎవరో ఒక మగవాడు తువ్వాల చుట్టుకుని బయలుదేరేవాడు.

కాశయ్య ఇంటికి పొమ్మన్న ఆ రోజు మాత్రం ముత్తన్న వెనక్కి నడిచి వచ్చి, పాక ముందు కూర్చున్నాడు. చేతులతో ఏం చేయాలో తెలియనివాడిలా వాటిని ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి ఒడిలో పెట్టుకున్నాడు. నీళ్ళ కుండతో వస్తున్న ఈరవ్వ అతణ్ణి అలా చూసి ఆగిపోయింది. పగటివేళ ముత్తన్న ఊరికే కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

కుండ దించి, చంకలోని పిల్లను ముందుకు చాచింది.

"పనిలేదు గదన్నా. జర పిల్లను వట్టుకో."

ముత్తన్న రెండు చేతులూ తువ్వాలకు తుడుచుకుని, పిల్లను అందుకున్నాడు.