తొమ్మిది జానల అయివారు

మా బడి డ్రిల్లు అయివారు మొన్న శుక్రవారం తెల్లవారుజామున చనిపోయారు. కబురు తెచ్చినాయన నన్ను చూసి, "రేయ్, మీ అయివారు పోయినాడ్రా" అన్నాడు. ఆయన ఊరందరికీ అయివారే. నాకు మాత్రం ఇంకొంచెం ఎక్కువ.

నా చిన్నప్పుడు ఒళ్లంతా గజ్జి. ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. తగ్గకపోతే బడికి రావద్దన్నారు. చిత్తూరు డాక్టరు దగ్గర పూతమందు ఉండేది. కానీ అప్పుడు జరుగుతున్న ప్రపంచయుద్ధం వల్ల అది కొంచెమే వచ్చేది. ఎక్కువ పూస్తే మంట, తక్కువైతే గజ్జి పోదు. అందుకే ఏ పిల్లాడికి ఎంత చర్మం ఉందో కొలిచి పంపమన్నాడు.

అయివారు పాత పత్రికలు తడిపి పిల్లల ఒంటికి చుట్టేవారు. తర్వాత కత్తిరించి తీసి, నేలమీద గీసిన సుద్దగళ్లలో పరిచి, ఎన్ని గళ్లు నిండాయో లెక్కపెట్టేవారు. "మనిషంటే పొడుగొకటే కాదురా, సుట్టూతా ఉంటాడు" అనేవారు.

నన్ను బెంచీ మీద పడుకోబెట్టగానే మా అవ్వ పరిగెత్తుకొచ్చింది. మా ఊళ్లో మనిషిని పడుకోబెట్టి కొలిచేది పోయాక, పూడ్చే గుంత తవ్వే ముందే.

"ఏమయ్యోరా! నా మనవడికి గుంత కొలస్తాండావా?"

ఆయన నవ్వి తనే నేలమీద వెల్లకిలా పడుకున్నారు. "ముందు నన్ను కొలువవ్వా. సాయంత్రానికి నేను బతికుంటే వాణ్ణి కొలస్తా."

అవ్వ కోపంగానే జానలు వేసింది. నడుము దగ్గర ఆయనకు చక్కిలిగింతలు.

"మెదలబాకబ్బా, లెక్క తప్పతాది!"

తొమ్మిది జానలు. సాయంత్రం ఆయనే గంట కొట్టడం చూసి, అవ్వే నా చొక్కా విప్పింది.

ఎవరూ ముట్టుకోని ఒంటిని ఆయన రెండు చేతులతో ముట్టుకున్నారు. తడికాగితం చల్లగా ఉండింది. నేలమీద పరిచి, "సూడు, ఎంతుండావో!" అన్నారు. నేను అంత ఉన్నానని నాకు తెలీదు. మందు సరిగ్గా సరిపోయింది. బడి మానలేదు. ఈ నాలుగు ముక్కలు రాయగలిగింది అందుకే.

మొన్న శుక్రవారం అయివారి గుంతకు కొలత తియ్యడానికి తాడు తెచ్చారు. అవ్వ అడ్డం నిలబడింది.

"ఆయప్పను మళ్లా కొలవబాకండి. నవ్వతా ఉండంగా నేను కొలిసినాను. అదే సాలు."

తాడు తీసుకుని గడపలో కూర్చుంది. దానిమీద జాన తర్వాత జాన వేసుకుంటూ పోయింది. తొమ్మిదో జాన దగ్గర బొటనవేలు ఆనించి, చాలాసేపు తియ్యలేదు.